కొత్త కారులో కూలెంట్ తగ్గుతోందా? నీళ్లు పోసి సరిపెట్టుకుంటే ఆధారం కూడా పోయినట్టే!

కారు కొని ఆరు నెలలు కూడా కాలేదు. బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ డబ్బాలో మట్టం కింది గీత దగ్గరకు వచ్చేసింది. షోరూమ్‌కి ఫోన్ చేస్తే చాలాసార్లు వినిపించే జవాబు ఇదే.. "కొత్త బండి కదండీ, కొంచెం తగ్గుతుంది. టాప్ అప్ చేసేసుకోండి." నిజంగా అంతేనా? కానే కాదు. ఒకసారి కొద్దిగా తగ్గితే సర్దుబాటు అనుకోవచ్చు. రెండోసారి కూడా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు ఎక్కడుందో తేల్చకుండా నీళ్లు పోసుకుంటూ పోతే ఇంజిన్‌కు ముప్పు, వారంటీకి కూడా ముప్పు.

ఈ మాట ఇప్పుడే ఎందుకు?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 28 శాతం పన్ను, దాని మీద సెస్ కూడా ఉండేది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్లకు ఈ తగ్గింపు వర్తించింది. ఆ తర్వాత దసరాకో, దీపావళికో, సంక్రాంతికో కారు ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ కార్లన్నింటికీ ఇదే తొలి వేసవి. చలికాలంలో బయటపడని లీకు ఎండలు ముదిరాకే బయటపడుతుంది. ఎందుకంటే ఏసీ ఆగకుండా నడుస్తుంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, పైపుల్లో వేడి, ఒత్తిడి ఎక్కువసేపు నిలుస్తాయి.

చింతలపూడి లాంటి చోట దీనికి ఇంకో కోణం ఉంది. ఇది మెట్ట ప్రాంతం. ఒకపక్క నూజివీడు మామిడి తోటలు, ఇంకోపక్క ఆయిల్‌పామ్, మొక్కజొన్న. కాపు దిగే రోజుల్లో రోడ్ల నిండా లోడు లారీలు, ట్రాక్టర్లు. పెద్ద సర్వీస్ సెంటర్ కావాలంటే దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని ఏలూరో, అది కాకపోతే విజయవాడో, ఖమ్మమో పోవాలి. అంత దూరం ఎందుకులే అని ఊళ్లోనే బోరు నీళ్లు పోసి నడిపించేవాళ్లే ఎక్కువ. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

అసలు కూలెంట్ ఎందుకు తగ్గకూడదు?

ఇంజిన్‌లో మండే ఇంధనం శక్తిలో చక్రాల దాకా చేరేది సాధారణంగా మూడో వంతు లోపే. మిగిలిందంతా వేడే. కొంత సైలెన్సర్ గుండా పోతుంది. కొంత వేడిని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి వదిలేస్తుంది. మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. బండి నడిచినంతసేపూ ఇదే తిరుగుడు.

చాలా కార్లలో ఈ కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్, శుద్ధి చేసిన నీరు దాదాపు సగం సగం, వాటితో పాటు తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు. మామూలు గాలి ఒత్తిడిలో ఈ మిశ్రమం 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కానీ డబ్బా మూత లోపలి ఒత్తిడిని ఆపి ఉంచుతుంది కాబట్టి ఆ హద్దు 125 డిగ్రీల పైకి వెళ్తుంది. అంటే మూత వదులైనా, పైపు దగ్గర చిన్న చెమ్మ ఉన్నా పోయేది కూలెంట్ ఒక్కటే కాదు. ఒత్తిడి కూడా పోతుంది, మరగకుండా ఆపే శక్తి కూడా పోతుంది.

ఇంజిన్ ఆయిల్ కొద్దికొద్దిగా కాలి తగ్గడం మామూలే. కూలెంట్ అలా కాలేది కాదు. అది మూసిన దారిలో తిరిగేది. కొన్ని కార్లలో మూత రేడియేటర్ మీదే ఉండి, పక్కనున్న డబ్బా ఒత్తిడి లేని మామూలుది ఉంటుంది. అలాంటి డబ్బాలో ఏళ్ల మీద కాస్త ఆవిరి కావచ్చు. నెల తిరిగేసరికి పై గీత నుంచి కింది గీతకు పడిపోవడం మాత్రం ఆవిరి కాదు.

కంగారు అక్కర్లేని మూడు సంగతులు

మొదటిది, కారు కింద నీళ్లు. వేసవిలో చాలామంది భయపడేది దీనికే. ఏసీ వేసుకుని వచ్చి ఆపితే ముందు సీటు కింది భాగంలో నీళ్లు కారతాయి. అది ఏసీ వదిలే నీరు. రంగు ఉండదు, వాసన ఉండదు, వేలికి జిడ్డు అంటదు. కూలెంట్‌కైతే పచ్చ, గులాబీ, నీలం ఇలా ఏదో ఒక రంగు ఉంటుంది. ముట్టుకుంటే జారుడుగా ఉంటుంది, తీపి వాసన వస్తుంది.

రెండోది, కొలిచే వేళ. బండి వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ వ్యాకోచించి మట్టం పైకి కనిపిస్తుంది. చల్లారాక దిగుతుంది. నిన్న సాయంత్రం చూసిన మట్టాన్ని ఇవాళ పొద్దున చూసినదానితో పోల్చి తగ్గిందని చెప్పలేం. ఎప్పుడూ పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, చదునైన నేల మీద చూడాలి.

మూడోది, లోపల చిక్కుకున్న గాలి. ఫ్యాక్టరీలో నింపినప్పుడో, సర్వీస్‌లో పైపు విప్పినప్పుడో కాస్త గాలి బుడగలు మిగిలిపోతాయి. మొదటి కొన్ని రోజుల్లో అవి బయటపడి మట్టం కొద్దిగా దిగుతుంది. ఒకసారి సరిచేశాక మళ్లీ దిగకూడదు. "కొత్త బండి కదండీ" అన్న మాటలో నిజం ఇంతవరకే ఉంది. మళ్లీ దిగితే ఆ మాట చెల్లదు.

వారం రోజులు మీరే పరీక్షించండి

సర్వీస్ సెంటర్‌కి వెళ్లే ముందు చేతిలో లెక్క ఉండాలి. ఇదేమంత కష్టం కాదు. డబ్బా మీద ప్రస్తుత మట్టం దగ్గర సన్నటి టేపు ముక్క అంటించండి. రోజూ పొద్దున ఒక ఫొటో, దాంతో పాటు మీటర్ రీడింగ్ ఫొటో తీయండి. రాత్రి బండి ఆపాక ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరచండి. తెల్లారి మరక ఉందా, ఏ వైపు ఉందో చూడండి. మట్టం కింది గీతకు చేరితే మాన్యువల్‌లో చెప్పిన కూలెంటే పోసి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. డబ్బా పూర్తిగా ఖాళీ అయితే మాత్రం స్టార్ట్ చేయకుండా కంపెనీ రోడ్‌సైడ్ సాయానికి ఫోన్ చేయండి.

ఈ లెక్క ఎందుకంటే, "తగ్గుతోంది" అనడం వేరు, "600 కిలోమీటర్లలో 300 మిల్లీలీటర్లు తగ్గింది" అనడం వేరు. మొదటిదాన్ని కొట్టిపారేయొచ్చు. రెండోదాన్ని జాబ్ కార్డ్‌లో రాయక తప్పదు.

బయటి లీకా? లోపలి లీకా?

మెకానిక్ ముందుగా తేల్చాల్సిన ప్రశ్న ఇదే. బయటి లీకైతే సాధారణంగా ఎక్కడో ఆనవాలు వదులుతుంది. హోస్ పైపు బిగింపు దగ్గర, రేడియేటర్ అంచున, వాటర్ పంప్ కింద, థర్మోస్టాట్ ప్లాస్టిక్ డబ్బా అతుకు దగ్గర తడి కనిపించొచ్చు. లేదా ఎండిపోయిన తెల్లటి, రంగు రంగుల పొడి చార కనిపించొచ్చు. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క అక్కడికక్కడే ఆరిపోతుంది కాబట్టి నేల మీద మరక లేనంత మాత్రాన లీకు లేదని కాదు. లోపల కార్పెట్ తడిగా ఉండి, అద్దం మీద జిడ్డు ఆవిరి పట్టి, తీపి వాసన వస్తుంటే డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే హీటర్ కోర్‌ని అనుమానించాలి.

లోపలి లీకు ఇంకా ప్రమాదకరం. హెడ్ గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోయినా, సిలిండర్ హెడ్‌లో సన్న పగులు ఉన్నా కూలెంట్ నేరుగా ఇంజిన్ లోపలికే పోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా రావడం, డబ్బాలో బుడగలు లేవడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారడం దీని గుర్తులు. డీజిల్ కార్లలో ఇంకో చోటు కూడా చూడాలి. పొగను చల్లబరిచి తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్‌లో కూలెంట్ తిరుగుతుంది. అది లోపల లీకైతే బయట చుక్క కనిపించదు, కూలెంట్ మాత్రం మాయమవుతుంది.

సర్వీస్ సెంటర్‌లో ఈ పరీక్షలు అడగండి

కంటితో చూసి "లీకేం లేదండీ" అంటే ఒప్పుకోవద్దు. ముందుగా ప్రెషర్ టెస్ట్ అడగండి. చల్లగా ఉన్న బండి డబ్బాకు చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి మేరకు గాలి కొడతారు. ముల్లు పదిహేను, ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. దిగిందంటే లీకు ఉన్నట్టే. మూతను కూడా విడిగా ఇదే పద్ధతిలో పరీక్షించాలి. ఒక్కోసారి దోషమంతా ఆ మూతదే అవుతుంది.

ప్రెషర్ నిలిచినా కూలెంట్ తగ్గుతుంటే యూవీ డై పరీక్ష. కూలెంట్‌లో ప్రత్యేకమైన రంగు కలిపి కొన్ని రోజులు నడిపించి, యూవీ లైటు కింద చూస్తే చెమ్మ ఉన్న చోటు మెరుస్తుంది. వేడిలో మాత్రమే తెరుచుకునే సన్న లీకులు ఇలాగే దొరుకుతాయి.

లోపలి లీకు అనుమానం ఉంటే గ్యాస్ పరీక్ష. డబ్బా మూతి దగ్గర గాలిని నీలిరంగు ద్రవం గుండా లాగుతారు. ఇంజిన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. ఇంకా సందేహం ఉంటే స్పార్క్ ప్లగ్ తీసి సన్న కెమెరా దించి చూడొచ్చు. కూలెంట్ పడుతున్న సిలిండర్‌లో పిస్టన్ పైభాగం మిగతావాటిలా నల్లగా కాకుండా కడిగినట్టు ఉంటుంది.

ఏ పరీక్ష చేసినా ఫలితం జాబ్ కార్డ్ మీద ఉండాలి. "కూలెంట్ టాప్ అప్ చేశాం" అన్న ఒక్క ముక్కతో సంతకం పెట్టొద్దు. "కస్టమర్ ఫిర్యాదు: కూలెంట్ తగ్గుతోంది" అని, ఎన్ని కిలోమీటర్లలో ఎంత తగ్గిందో, ఎంత నింపారో, ఏ పరీక్ష చేశారో రాయించండి. టాప్ అప్ అనేది రిపేర్ కాదు. నాలుగుసార్లు టాప్ అప్ చేయించుకుని ఒక్కసారీ ఫిర్యాదు రాయించకపోతే, కాగితం ప్రకారం మీ బండికి ఏ జబ్బూ లేనట్టే.

బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

దారిలో వేరే గతి లేనప్పుడు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక మంచినీళ్లు పోసి నెమ్మదిగా దగ్గర్లోని సురక్షిత చోటికి చేరడం వేరు. అదే అలవాటు కావడం వేరు. బోరు నీళ్లలో కరిగి ఉండే ఉప్పులు వేడికి పొలుసులా పేరుకుంటాయి. సన్నటి రేడియేటర్ గొట్టాలు మూసుకుపోతాయి. కూలెంట్ పలచబడితే తుప్పును ఆపే మందు తగ్గుతుంది, మరిగే హద్దు కిందికి దిగుతుంది. ఎలక్ట్రిక్ కారైతే అసలు ముట్టుకోవద్దు. బ్యాటరీని చల్లబరిచే ద్రవానికి ప్రత్యేక లక్షణాలు ఉంటాయి, మామూలు నీళ్లు పోయడం ప్రమాదం.

వీటన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. రేపు ఇంజిన్ పాడై షోరూమ్‌కి తీసుకెళ్తే ముందుగా చూసేది కూలెంట్ రంగు, చిక్కదనం. అందులో బోరు నీళ్లు కనిపిస్తే "కంపెనీ చెప్పింది వాడలేదు" అంటూ వారంటీ కుదరదనే వాదన వస్తుంది. తప్పు కారుదైనా నింద మీ మీదకు తిరుగుతుంది.

మీటర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు

ఇప్పుడొచ్చే చాలా చిన్న కార్లలో వేడి చూపించే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యం అయి ఉండొచ్చు. పైగా సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగా కొలుస్తుంది. కూలెంట్ మొత్తం పోయి దాని చుట్టూ ఆవిరే మిగిలితే రీడింగ్ తప్పొచ్చు. అందుకే వారానికోసారి కంటితో చూడటానికి మించింది లేదు.

ఎర్ర లైటు వెలిగితే ఏసీ ఆపండి, పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. పక్కకు తీసే వీలు వెంటనే లేకపోతే హీటర్ ఫుల్‌గా పెట్టండి, కొంత వేడి అటు పోతుంది. మూత మాత్రం తెరవొద్దు. ఒత్తిడితో ఎగజిమ్మే కూలెంట్ ముఖం మీద పడితే తీవ్రమైన కాలిన గాయాలవుతాయి. కనీసం అరగంట ఆగాలి, డబ్బా చేతికి చల్లగా తగలాలి. "ద్వారకా తిరుమల ఇంకెంత దూరం, వెళ్లిపోదాం" అనుకుంటే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోవడానికి ఆ కొద్ది దూరం చాలు. వేలల్లో తేలే రిపేర్ లక్షల్లోకి వెళ్తుంది.

దక్షిణాఫ్రికా నేర్పిన పాఠం

కూలెంట్ సమస్య ఒక బండిది కాకుండా ఒక మోడల్‌దే అయితే ఏమవుతుందో ప్రపంచం ఇప్పటికే చూసింది. దక్షిణాఫ్రికాలో ఫోర్డ్ కూగా కార్లు వరుసగా మంటల్లో చిక్కుకోవడం పెద్ద దుమారం రేపింది. 2017 జనవరిలో ఫోర్డ్ అక్కడ 1.6 లీటర్ ఇంజిన్ ఉన్న 4,556 కూగాలను వెనక్కి పిలిచింది. కూలెంట్ సరిగా తిరగక ఇంజిన్ వేడెక్కడం, సిలిండర్ హెడ్ పగలడం, ఆ పగులు నుంచి ఆయిల్ కారి మంటలు రావడం.. కంపెనీ చెప్పిన కారణం ఇదే. అదే ఏడాది అమెరికాలోనూ 1.6 లీటర్ ఇంజిన్ ఉన్న ఫోర్డ్ కార్లకు ఇదే తరహా రీకాల్ వచ్చింది.

దీని అర్థం కూలెంట్ తగ్గిన ప్రతి కారూ తగలబడుతుందని కాదు. విడివిడిగా చూస్తే ఒక్కో యజమానిది ఒక్కో చిన్న ఫిర్యాదే. అవన్నీ ఒకచోట నమోదైతేనే మోడల్‌లో లోపం ఉందని తెలుస్తుంది. ఊళ్లోనే నీళ్లు పోసుకుని ఊరుకుంటే ఆ లెక్కలోకి మన కారు చేరదు.

మన చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఏ సెక్షన్ వచ్చింది. వాహనంలో లోపం వల్ల పర్యావరణానికో, అందులో ప్రయాణించేవారికో, రోడ్డు మీద ఉన్నవారికో హాని ఉంటే రీకాల్ చేయమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. దీని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తిస్తాయి. వాహన్ పోర్టల్‌లో యజమానులే ఫిర్యాదు పెట్టవచ్చు. ఫిర్యాదుల సంఖ్య నిర్ణీత స్థాయికి చేరితేనే కదలిక వస్తుంది కాబట్టి ప్రతి ఫిర్యాదూ లెక్కే.

ఇక మీ సొంత నష్టం సంగతి. ముందుగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. అక్కడ తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కారు ఏ ఊళ్లో కొన్నా ఫర్వాలేదు. చింతలపూడి వాళ్లకైతే ఏలూరులోని జిల్లా కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షలు మించకపోతే కేసు అక్కడికే వెళ్తుంది. 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు ఫీజు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల మధ్య అయితే 400 రూపాయలు. సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి.

అయితే ఆశలు ఎంతవరకు పెట్టుకోవాలో కూడా తెలియాలి. లీకు కనబడగానే "కొత్త కారు ఇచ్చేయండి" అంటే సాధారణంగా కుదరదు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే ఉన్నప్పుడు మొత్తం కారు మార్చమనడం సరికాదని చెప్పింది. తయారీ లోపం అని నిరూపించే భారం కూడా ప్రధానంగా కొన్నవారి మీదే ఉంటుంది. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ తగిన ల్యాబ్‌కు పంపించగలదు. అక్కడ దాకా వెళ్లినప్పుడు మీ వైపు నిలబడేవి ఆ జాబ్ కార్డులు, ఆ ఫొటోలు, ఆ మిల్లీలీటర్ల లెక్కే.

ఇన్సూరెన్స్‌దీ, వారంటీదీ వేరు వేరు దారి. లారీ వెనక పోతుంటే రాయి ఎగిరి రేడియేటర్‌కు తగిలిందనుకోండి. అది వారంటీలోకి రాదు, ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్‌లోకి వస్తుంది. కానీ రేడియేటర్ పగిలాక కూడా నడిపించి ఇంజిన్ పట్టేస్తే, ఇంజిన్ ప్రొటెక్షన్ లేని పాలసీల్లో ఆ నష్టాన్ని ఇచ్చేందుకు కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి ఆపి టో చేయించడమే చౌక. చాలా కొత్త కార్లకు రోడ్‌సైడ్ సాయం మొదటి ఏళ్లలో ఉచితం. ఆ నంబర్ ఫోన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఇంట్లో పిల్లలుంటే ఒక్క మాట

కూలెంట్ రుచికి తీపి, శరీరానికి విషం. మిగిలిన కూలెంట్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో ఉంచొద్దు. నేల మీద పారబోస్తే కుక్కలు, పశువులు నాకే ప్రమాదం ఉంది. పిల్లలు పొరపాటున తాగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చివరగా..

చింతలపూడిలో కారు కొన్నవాళ్లకీ, విజయవాడలో కొన్నవాళ్లకీ వారంటీ పుస్తకం ఒక్కటే. కానీ 50 కిలోమీటర్ల దూరం ఆ హక్కును నీరుగార్చేస్తోంది. పొద్దున పోయి సాయంత్రం "టాప్ అప్ చేశాం" అన్న మాటతో తిరిగొస్తే ఒక రోజు పని, రానూపోనూ పెట్రోలు పోయినట్టే. కంపెనీలు మండల కేంద్రాల్లో కార్లు అమ్మడానికి క్యాంపులు పెడుతున్నప్పుడు, వేసవిలో ఒక ప్రెషర్ టెస్ట్ కిట్‌తో సర్వీస్ క్యాంపు పెట్టడం పెద్ద పనేం కాదు. ఆ పరికరం చేతిలో పట్టేంతే ఉంటుంది.

అంతవరకు చేయగలిగింది మీ చేతిలోనే ఉంది. రేపు పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తండి. మట్టం రెండు గీతల మధ్య ఉంటే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే వారం మళ్లీ చూడండి. రెండోసారీ తగ్గిందా? నీళ్ల బకెట్ పక్కన పెట్టి, జాబ్ కార్డ్ అడగండి.